జొన్న బీరుకు గిరాకీ ఎక్కడ ఉంది, ఎందుకు ఉంది? మన రైతు సంఘాలకు అందులో చోటు ఉందా?

మెట్టపొలం (నంద్యాల జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా మండలంలో జొన్న వేసే రైతులం కలిసి ఒక ఉత్పత్తిదారుల సంఘం పెట్టుకున్నాం. ఈ మధ్య ఒక సలహాదారు మా పాలకవర్గాన్ని కలిసి, ఆఫ్రికాలో జొన్న బీరుకు పెద్ద మార్కెట్ ఉందని, అమెరికాలో గోధుమ, బార్లీ పడనివారు జొన్న బీరే కొంటున్నారని చెప్పి, జొన్నను మొలకెత్తించి మాల్ట్ తయారు చేసే చిన్న కర్మాగారం పెట్టమని ప్రతిపాదించారు. పెట్టుబడిలో కొంత బ్యాంకు రుణం, మిగిలినది సభ్యుల వాటా. పంట బాగా వచ్చిన ఏడాది ధర పడిపోవడం చూసి విసిగిపోయి ఉన్నాం కనుక ఆ మాట చాలామందికి నచ్చింది. అయితే సభ్యుల డబ్బు పెట్టే ముందు, ఆ బీరు తాగేవారు ఎవరో, వేరే బీరు ఉండగా దానినే ఎందుకు కొంటున్నారో, ఆ కారణాలు మన దగ్గర కూడా వర్తిస్తాయో లేదో తెలుసుకోవడం నా బాధ్యత. ఆయా దేశాల్లో ఉన్నవారు, ఈ రంగంలో పనిచేసినవారు దయచేసి వివరంగా రాయండి.

కంపాలా_ప్రవాసి

మెట్టపొలం గారికి నమస్కారం. ఉగాండాలో ధాన్యం కొనుగోళ్ల లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను కనుక ఇక్కడి సంగతి చెప్పగలను. మీ సలహాదారు చెప్పినదాంట్లో అబద్ధం లేదు గానీ, అసలు కారణాన్ని ఆయన చెప్పలేదు.

నైల్ బ్రూవరీస్ 2002లో 'ఈగిల్' అనే లాగర్ (వడగట్టిన మామూలు సీసా బీరు) రకాన్ని ఇక్కడ విడుదల చేసింది. దానికి వాడేది ఎపురిపుర్ అనే తెల్ల జొన్న రకం. తూర్పు ఉగాండాలోని సెరెరె పరిశోధన కేంద్రం నుంచి 1995లో విడుదలైంది. అంతవరకు ఇంట్లో కాచిన సారా, అరటి బీరు తాగే కూలీలూ చిన్న రైతులూ సీసా బీరు కొనగలిగే ధరకు ఈగిల్‌ను తెచ్చారు. ఆ ధర సాధ్యమైంది ప్రధానంగా పన్ను వల్ల. ఇక్కడ మాల్ట్ బీరుపై ఎక్సైజ్ సుంకం 60 శాతం. నీటిని మినహాయించి బరువులో కనీసం 75 శాతం స్థానిక ముడిసరుకు ఉన్న బీరుకు అందులో సగమో, అంతకంటే తక్కువో పడుతుంది. ప్రభుత్వం ఆ ఆదాయాన్ని వదులుకుంటున్నది జొన్న రైతు కోసం, కల్తీ సారాను తగ్గించడం కోసం. కంపెనీకి కలిగిన లాభం ఏమిటంటే, అంతకు ముందు బీరు కొనలేని జనం కొత్తగా వినియోగదారులయ్యారు.

దుకాణంలో నిలబడి చూస్తే ఈ విషయం స్పష్టంగా తెలుస్తుంది. జొన్నతో చేసిన బీరు కావాలని అడిగేవారు నాకు ఇంతవరకు కనబడలేదు. చేతిలో ఉన్న డబ్బుకు చల్లని సీసా బీరు ఏది వస్తుందని అడుగుతారు.

నైరోబీ_లెక్కలు

కంపాలా మిత్రుడు రాసినదానికి కెన్యా అనుభవం జోడిస్తాను, ఎందుకంటే ఆ పన్ను రాయితీ తీసేస్తే ఏమవుతుందో ఇక్కడ కళ్లారా చూశాం.

ఈస్ట్ ఆఫ్రికన్ బ్రూవరీస్ 2004లో 'సెనేటర్' బీరును తెచ్చింది. పీపాల్లో బార్లకు పంపి, మగ్గుల్లో పోసి అమ్మే చవక బీరు అది. చాంగా అనే నాటుసారా తాగేవారిని ఇటు మళ్లించాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం ఎక్సైజ్ మినహాయింపు ఇచ్చింది. తర్వాత ముడిసరుకుగా జొన్న ప్రధానమైంది. వర్షాలు తక్కువగా ఉండే తూర్పు జిల్లాల రైతులు గడామ్ అనే పొట్టి రకాన్ని ఒప్పందం మీద వేశారు. వ్యాపారం బాగా పెరిగింది. 2013లో ప్రభుత్వం ఆదాయం కోసం మినహాయింపును సగానికి తగ్గించగానే మగ్గు ధర పెరిగింది, అమ్మకాలు కుప్పకూలాయి. కంపెనీ కొనుగోళ్లు తగ్గించుకుంది, పంట కోసి బస్తాలకెత్తిన రైతులు కొనేవారు లేక మిగిలిపోయారు. మరుసటి ఏడాది మే నెలలో మిథనాల్ అనే విషం కలిసిన కల్తీ మద్యం తాగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. 2015లో మినహాయింపును 90 శాతానికి పెంచాకే మార్కెట్ కోలుకుంది. ఆ తర్వాత కంపెనీ ధైర్యం చేసి కిసుములో మళ్లీ బ్రూవరీ కట్టి, పడమటి జిల్లాల్లో కూడా జొన్న కొనడం మొదలుపెట్టింది.

రుచీ మారలేదు, తాగేవారూ మారలేదు, మారింది బడ్జెట్ ప్రసంగంలో ఒక వాక్యం మాత్రమే. ఇలాంటి గిరాకీని నమ్ముకొని ఇరవై ఏళ్లు నడవవలసిన కర్మాగారం కట్టడం ఎంతవరకు క్షేమమో మీ సంఘం ఆలోచించాలి.

మెట్టపొలం (నంద్యాల జిల్లా)

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. పన్ను రాయితీ లేని చోట జొన్న బీరు నిలబడిన ఉదాహరణ ఏదైనా ఉందా? నైజీరియా గురించి సలహాదారు చాలా చెప్పారు.

నురగ_శాస్త్రం

నైజీరియాలో రాయితీకి బదులు నిషేధం పనిచేసింది. చమురు ధరలు పడి విదేశీ మారకద్రవ్యం కరువైన రోజుల్లో, 1988 జనవరి నుంచి ఆ దేశం బార్లీ దిగుమతిని నిషేధించింది. అంతటి వేడి దేశంలో బార్లీ పండదు కనుక బ్రూవరీలు మూతబడటమో, జొన్నకూ మొక్కజొన్నకూ మారటమో తప్పలేదు. పెద్ద కంపెనీలన్నీ మారాయి. అక్కడ కాచే గిన్నిస్ స్టౌట్ అనే నల్ల బీరు కూడా జొన్న ఆధారంగా తయారైంది. 1990 దశకం చివరలో నిషేధం ఎత్తేశాక కూడా జొన్న పోలేదు, ఎందుకంటే అప్పటికే యంత్రాలు మార్చుకున్నారు, రైతులతో సంబంధాలు ఏర్పడ్డాయి, జనం నాలుక ఆ రుచికి అలవాటు పడింది, పైగా దిగుమతి బార్లీ ఖరీదుగానే ఉంది.

నేను బెంగళూరు పరిసరాల్లో బ్రూవరీ ప్రయోగశాలల్లో చాలాకాలం పనిచేశాను, అందుకే సాంకేతిక విషయం ఒకటి చెప్పాలి. బార్లీ పిండి సుమారు 60 డిగ్రీలకే జావగా మారుతుంది, అదే వేడిలో దాని ఎంజైములు పనిచేసి పిండిని చక్కెరగా విడగొడతాయి. జొన్న పిండి జావగా మారడానికి 70 డిగ్రీల పైన వేడి కావాలి, ఆ వేడికి జొన్న మాల్ట్‌లో అసలే తక్కువగా ఉన్న బీటా అమైలేజ్ అనే ఎంజైము నశించిపోతుంది. అందువల్ల చాలా పెద్ద బ్రూవరీలు జొన్నను మొలకెత్తించకుండా పచ్చి గింజగానే మరపట్టి, బయట కొన్న ఎంజైములతో పని కానిస్తాయి. మీ సలహాదారు ప్రతిపాదనలో నాకు కనబడే పెద్ద లోపం ఇదే: ఆయన చూపించే పెద్ద మార్కెట్‌లో చాలా భాగానికి జొన్న కావాలి గానీ జొన్న మాల్ట్ అక్కర్లేదు.

మాల్ట్ కావలసింది సంప్రదాయ బీర్లకు. ఆ మార్కెట్ వేరు, దాని గురించి దక్షిణాఫ్రికాలో ఉన్నవారు రాస్తే బాగుంటుంది.

జొబర్గ్_నుంచి

ఆ మార్కెట్ గురించి నేను రాస్తాను. ఇక్కడ తరతరాలుగా తాగే ఉమ్‌కోంబోతి, జింబాబ్వే, జాంబియాల్లో పేరున్న చిబుకు, రెండూ వడగట్టిన పారదర్శకమైన బీర్లు కావు. జొన్న మాల్ట్, మొక్కజొన్న పిండి కలిపి ముందు పులుపెక్కించి, తర్వాత ఈస్ట్‌తో పులియబెట్టిన చిక్కని గులాబీ గోధుమ రంగు పానీయాలు. ఆల్కహాలు మూడు, నాలుగు శాతం ఉంటుంది. కార్టన్ డబ్బాలో వచ్చే చిబుకును తాగే ముందు ఊపి తీరాలి, లేకపోతే నూకంతా అడుగున పేరుకొని పైన పల్చని పులుపు నీరు మిగులుతుంది. డబ్బాలో కూడా పులియడం ఆగదు కనుక వాయువు బయటికి పోయే ఏర్పాటు ఉంచుతారు, అయినా ఎండలో పెట్టిన డబ్బా ఉబ్బిపోతుంది. మన కల్లు లాగానే తాజాతనమే దాని ప్రాణం. నాలుగైదు రోజులు దాటితే కొనేవాడు ఉండడు. అందుకే ఈ వ్యాపారం మొదటి నుంచీ ఊరూరా చిన్న బ్రూవరీలతో, రోజువారీ లారీలతో నడిచింది.

దీని గిరాకీ చరిత్రలో ఒక చేదు భాగం ఉంది, అది చెప్పకుండా భవిష్యత్తు అర్థం కాదు. 1908లో ఇక్కడి నటాల్ ప్రాంతపు చట్టంతో జొన్న బీరు అమ్మకం మునిసిపాలిటీల గుత్తాధిపత్యంగా మారింది. డర్బన్ పురపాలక బీరు హాళ్ల లాభంతోనే నల్లజాతీయుల బస్తీల పరిపాలన ఖర్చు వెళ్లదీసేవారు. ఇంట్లో బీరు కాచి పిల్లలను పోషించుకునే స్త్రీలను పోలీసులు పట్టుకునేవారు. 1959లో డర్బన్‌లోని కాటో మేనర్ బస్తీ స్త్రీలు ఆ బీరు హాళ్ల మీద తిరగబడ్డారు. 1960ల ఆరంభంలో నల్లజాతీయులు మిగతా మద్యం కొనడానికి చట్టం ఒప్పుకున్నాక, సీసా లాగర్ హోదాకు గుర్తు అయింది, జొన్న బీరు ముసలివాళ్ల పానీయం అనిపించుకుంది. ఇవాళ్టికీ నగర యువత చూపు అలాగే ఉంది.

కంపెనీల చేతులు మారిన తీరు చూసినా అదే తెలుస్తుంది. మన విజయ్ మాల్యా చేతిలో ఉన్న ఇక్కడి జొన్న బీరు కంపెనీ యునైటెడ్ నేషనల్ బ్రూవరీస్‌లో సగం వాటాను 2013లో బ్రిటన్ మద్యం కంపెనీ డియాజియో కొన్నది, తర్వాత మొత్తం తీసుకున్నది, కొన్నేళ్లకే జింబాబ్వేకు చెందిన డెల్టా కంపెనీకి అమ్మేసింది. మరోవైపు అదే డెల్టా, తన దేశంలో 2012లో చిబుకు సూపర్ తెచ్చి విజయం సాధించింది. పాశ్చరైజ్ చేసి (వేడిచేసి సూక్ష్మజీవులను చంపి), కొద్దిగా గ్యాస్ ఎక్కించి, ప్లాస్టిక్ సీసాలో నింపడంతో రోజుల్లో పాడయ్యే సరుకు వారాల పాటు నిలిచింది, దూర పట్టణాల దుకాణాలకు చేరింది, ఫ్రిజ్‌లో లాగర్ పక్కన చోటు సంపాదించింది. ఆ బీరుకు గిరాకీ లేదనుకున్నదంతా నిజానికి నిల్వ సమస్య అని నా అభిప్రాయం.

ఇంకొకటి. పెళ్లిళ్లకు, పితృదేవతల పూజలకు ఇళ్లలో కాచుకునేందుకు కిరాణా దుకాణాల్లో జొన్న మాల్ట్ పొడి పొట్లాలు అమ్ముతారు. సలహాదారు చెప్పే మాల్ట్‌కు నిజమైన వినియోగదారు ఈ గృహిణి. కానీ ఆమెకు నంద్యాల నుంచి మాల్ట్ పంపితే ఓడ కిరాయికే లాభం పోతుంది.

మిల్వాకీ_తెలుగు

అమెరికా విషయం నేను చెబుతాను. మా ఇంట్లో సీలియాక్ జబ్బు ఉన్నవారు ఉన్నారు, అందుకే ఈ సీసాల అర మాకు బాగా పరిచయం. ఇక్కడ ఆ జబ్బు సుమారు నూటికి ఒకరికి ఉంటుంది. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ వారికి విషంతో సమానం. జొన్నలో అది లేదు. మా ఊరి లేక్‌ఫ్రంట్ బ్రూవరీ జొన్న, బియ్యంతో చేసిన 'న్యూ గ్రిస్ట్' 2006లో వచ్చింది. అదే ఏడాది చివరలో బడ్‌వైజర్ తయారుచేసే ఆన్‌హైజర్ బుష్ కంపెనీ 'రెడ్‌బ్రిడ్జ్' తెచ్చింది. బీరు మానేసిన వాళ్లకు మళ్లీ ఒక గ్లాసు చేతికి అందిందని ఎంత సంతోషపడ్డారో నేను చూశాను.

అయితే ఆ తర్వాత ఆ అర వెడల్పు పెద్దగా పెరగలేదు. జొన్న పాకంతో చేసిన బీరులో ఒక పుల్లని బెల్లపు వాసన ఉంటుంది, అది అందరికీ నచ్చదు. బార్లీ బీరులోనే గ్లూటెన్‌ను ఎంజైముతో విరగ్గొట్టే పద్ధతి వచ్చాక, జబ్బు లేకపోయినా గ్లూటెన్ తగ్గించుకోవాలనుకునేవారు అటు వెళ్లారు. చెరకు చక్కెరతో చేసే సెల్ట్జర్ (ఆల్కహాలు ఉన్న సోడా లాంటి పానీయం) డబ్బాలు వచ్చి మిగిలినవారిలో చాలామందిని తీసుకెళ్లాయి. కొత్తగా వచ్చిన గ్లూటెన్ రహిత బ్రూవరీలు కొన్ని వరిగ వంటి మిల్లెట్ల మాల్ట్‌ను, బియ్యపు మాల్ట్‌ను ఇష్టపడుతున్నాయి. ఇక ముడిసరుకు సంగతి: ప్రపంచంలో అతి ఎక్కువ జొన్న పండించే దేశం ఇదే, కాన్సాస్‌లో చేలు కనుచూపు మేర ఉంటాయి. ఇక్కడికి మీరు జొన్న పంపవలసిన అవసరం ఎవరికీ లేదు.

ధాన్యం_మార్కెట్ (గుంటూరు)

అందరూ చెప్పింది చదివాక, ఇంతవరకు ఎవరూ ఎత్తని అంకెలు రాస్తున్నాను. నా దృష్టిలో ఈ చర్చకు ఇవే కీలకం.

2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు. మొక్కజొన్నకు 2,400. అదే ఏడాది రబీ మార్కెటింగ్‌కు బార్లీ మద్దతు ధర 1,980. ఉగాండా, నైజీరియా, కెన్యాల్లో బార్లీ ఖరీదైనది లేదా దిగుమతి సరుకు, జొన్న పక్క పొలంలో చవకగా దొరికేది. మన దేశంలో రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులు పండించే బార్లీ, మద్దతు ధరల ప్రకారం చూస్తే, మన జొన్నలో దాదాపు సగం ధరకే వస్తోంది. బీరులో బార్లీతో పాటు కలిపే అనుబంధ ధాన్యంగా చూసినా, మొక్కజొన్న, నూక బియ్యం రెండూ చవకే. ఆఫ్రికాలో జొన్నను బ్రూవరీ గడప దాకా తీసుకెళ్లిన కారణం ఇక్కడ తలకిందులుగా ఉంది.

జొన్న మార్కెట్ ధర మద్దతు ధర కంటే బాగా దిగువకు పడిన సీజన్లు ఉన్నాయి, నిజమే. బాపట్ల ప్రాంతపు వరి మాగాణుల్లో దున్నకుండా వేసే జొన్నకు ఎకరా దిగుబడి ఎక్కువ కనుక ఆ రైతు కొంత తక్కువ ధరకైనా అమ్మగలడు. కానీ రైతుకు ధర పడినప్పుడే పనికొచ్చే మార్కెట్‌ను రైతు సంఘం తన డబ్బుతో కట్టుకోవడం ఎందుకు?

పన్ను సంగతి కూడా అంతే. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, ఎక్సైజ్ రాష్ట్రాల చేతిలో ఉంది, మన రెండు రాష్ట్రాల్లోనూ టోకు కొనుగోలు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ ద్వారానే. తెలంగాణలో 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ ధరలు పెంచలేదని, బకాయిలు ఉన్నాయని సరఫరా నిలిపివేయడం, ఆ మరుసటి నెలలో ప్రభుత్వం ధరలు సుమారు 15 శాతం పెంచడం అందరూ చూశారు. అంత పెద్ద కంపెనీకే ధర తన చేతిలో లేని చోట, కొత్త ధాన్యంతో చేసిన కొత్త బీరుకు తక్కువ సుంకం అడిగి సాధించేది ఎవరు?

నెల్లూరు_అక్షరం

గుంటూరు వారి ప్రశ్నకు నేను మరో కోణం కలపాలి. తక్కువ సుంకంతో చవక బీరు అన్న ఆఫ్రికా నమూనా మన రాష్ట్రంలో రాజకీయంగా నిలబడదు. 1992లో మా జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1995లో సంపూర్ణ మద్య నిషేధం దాకా వెళ్లింది. రెండేళ్లకే సడలించినా, మద్యాన్ని చవక చేసే ప్రతిపాదనను ఏ ప్రభుత్వమూ తేలికగా తలకెత్తుకోదు. మహారాష్ట్ర 2007లో జొన్న, సజ్జలతో ఆల్కహాలు చేసే డిస్టిలరీలకు సబ్సిడీ ప్రకటించినప్పుడు, పేదల తిండిగింజను సారాగా మారుస్తారా అని ఎంత వ్యతిరేకత వచ్చిందో గుర్తుచేసుకోండి. రైతు సంఘంలో సభ్యులుగా ఉన్న స్త్రీలు ఈ పెట్టుబడికి ఒప్పుకున్నారా అని కూడా మెట్టపొలం గారిని అడుగుతున్నాను.

మాల్ట్ కర్మాగారమే పెట్టాలనుకుంటే బీరు ఒక్కటే దారి కాదు. నైజీరియాలో ఆల్కహాలు లేని మాల్ట్ పానీయాలు చిన్నపిల్లలు కూడా తాగుతారని చదివాను. మన ఇళ్లలో రాగి మాల్ట్ రోజూ కాచుకుంటాం. జొన్న మాల్ట్ పిండి ఆ కోవలో అమ్మలేమా?

నురగ_శాస్త్రం

నెల్లూరు వారు చెప్పింది సాధ్యమే, ఆ నైజీరియా పానీయాల్లోనూ జొన్న వాడతారు. పైగా మన వాతావరణం ఇందుకు అనుకూలం. బార్లీ మొలకెత్తడానికి పదిహేను, పద్దెనిమిది డిగ్రీల చల్లదనం కావాలి, జొన్న ఇరవై అయిదు నుంచి ముప్పై డిగ్రీల్లో చక్కగా మొలుస్తుంది, కాబట్టి శీతలీకరణ ఖర్చు అంతగా ఉండదు. అయితే ఒక జాగ్రత్త తప్పనిసరి. మొలిచిన జొన్న మొక్కలో, వేరులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది, దాని నుంచి సయనైడ్ పుడుతుంది. లేత జొన్న మేసి పశువులు చనిపోవడం రైతులకు తెలిసిన విషయమే. మాల్ట్‌ను ఆరబెట్టి, మొలకలనూ వేళ్లనూ రుద్ది పూర్తిగా తీసేయాలి, ప్రతి విడత సరుకునూ ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. పిల్లల ఆహారంగా అమ్మదలిస్తే ఇందులో రాజీ పడకూడదు.

మెట్టపొలం (నంద్యాల జిల్లా)

నెల్లూరు వారి ప్రశ్న న్యాయమైనది. మా సంఘంలో స్త్రీలు సగానికి దగ్గరగా ఉన్నారు, వారితో ఈ విషయం విడిగా మాట్లాడలేదు, వచ్చే సమావేశంలో మాట్లాడతాం. సలహాదారును ఒకే ఒక్క ప్రశ్న అడగాలని నిర్ణయించాను: ఏ కొనుగోలుదారు, ఎంత మాల్ట్‌ను, ఎంత ధరకు, ఎన్ని సంవత్సరాలు కొంటానని రాసిస్తాడు? అది లేనిదే రుణం దరఖాస్తు ముందుకు కదలదు.

హైదరాబాద్, బెంగళూరుల్లో అక్కడే కాచి అక్కడే అమ్మే మైక్రోబ్రూవరీలు ఉన్నాయి కదా, ముందు వాటికి గింజ అమ్మి చూడవచ్చా? వారు ఎలాంటి జొన్న అడుగుతారు?

నురగ_శాస్త్రం

అమ్మవచ్చు, అయితే పరిమాణం బస్తాల్లో ఉంటుంది, లారీల్లో ఉండదు. ఆ బ్రూవర్లు జొన్నను ధర కోసం కొనరు, తమ పలకమీద కొత్త పేరు రాసుకోవడానికి, ఈ నేల పంటతో చేశామని చెప్పుకోవడానికి కొంటారు. కనుక మీ 3,699 వారికి అడ్డు కాదు, నాణ్యత తేడా వస్తే మాత్రం రెండోసారి పిలవరు.

ముందుగా తెల్ల జొన్న మాత్రమే తీసుకెళ్లండి. పిట్టలు తినని ఎర్ర రకాల్లో గింజ పొట్టు కింద టానిన్ పొర ఉంటుంది, అది ఎంజైములను కట్టేస్తుంది, బీరుకు వగరు తెస్తుంది. దీనిని మీరే పరీక్షించవచ్చు: గుప్పెడు గింజలను గాజు గిన్నెలో వేసి, కాస్టిక్ క్షారం కలిపిన బ్లీచింగ్ ద్రావణం పోసి కొంతసేపు ఉంచి కడిగితే, టానిన్ ఉన్న గింజలు నల్లగా మారతాయి, లేనివి తెల్లగానే ఉంటాయి. చేతికి తొడుగు వేసుకోండి. రెండోది, ఖరీఫ్‌లో కోత సమయాన వాన పడి గింజ బూజు తెగులు సోకిన సరుకును ఒక్క బస్తా కూడా కలపకండి, అందులోని బూజు విషాలు కాచినా పోవు, మొలక శాతం కూడా పడిపోతుంది. రబీ పంట ఇందుకు మేలు. రకం పేరు, కోసిన నెల, తేమ శాతం బస్తా మీద రాసి, రకాలు కలపకుండా ఉంచండి. రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థకు నమూనా పంపి, మీ రకంలో పిండి శాతం, మాంసకృత్తుల శాతం ఎంతో కాగితం తెచ్చుకుంటే, బ్రూవర్ ముందు మాట్లాడటం సులభమవుతుంది.

కంపాలా_ప్రవాసి

ఇక్కడ కూడా బస్తా మీద రకం పేరు లేని సరుకును కొనుగోలు కేంద్రం దగ్గరే వెనక్కి పంపుతారు. మెట్టపొలం గారూ, సలహాదారు లిఖితపూర్వకంగా ఏం జవాబిచ్చారో ఇక్కడ తప్పక రాయండి. ఆఫ్రికా కంపెనీ పేరు ఏదైనా చెబితే, వారు మాల్ట్ కొంటారా, గింజ కొంటారా అన్నది నేను ఇక్కడ విచారించి చెప్పగలను.

మెట్టపొలం (నంద్యాల జిల్లా)

తప్పకుండా రాస్తాను. రబీ కోతలు అయ్యాక తెల్ల జొన్న విడిగా ఆరబెట్టి, రాజేంద్రనగర్‌కు నమూనా పంపుతాం. ఫలితం కాగితం చేతికి రాగానే నురగ_శాస్త్రం గారి పరిశీలన కోసం అంకెలు ఇక్కడే పెడతాను.